మూల నుంచి మూలకి కొలిచి స్థలం కొంటామా?

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట ఆదివారం నాడు, విద్యార్థులు ఎలాంటి కంప్యూటర్ మానిటర్ కొనుక్కోవాలో చెబుతూ మీ పత్రికలో అరపేజీ వ్యాసం వచ్చింది. చేతిలో ఉన్న డబ్బుకి ఎంత పెద్దది వస్తే అంత పెద్దది తీసుకోమన్నారు, 27 అంగుళాలైతే కళ్లకు హాయన్నారు. మద్దిలపాలెంలో ఉండే మా మేనకోడలు అది చదివి, వారం తిరక్కుండా 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ తెప్పించుకుంది. పెట్టె విప్పిన సాయంత్రమే ఫోను. "మావయ్యా, తెలుగు అక్షరాలు ఎలాగో ఉన్నాయి, ఓసారి వచ్చి చూడవా?" అని.

వెళ్లాను. సినిమా పెట్టి చూపించింది, బ్రహ్మాండంగా ఉంది. తెలుగులో ఓ పేజీ తెరిచింది. అక్షరాల అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. సెట్టింగులన్నీ తిప్పి చూశాను. మానిటర్‌లో దోషమేమీ లేదు. దోషమంతా కొన్న లెక్కలో ఉంది. ఆ లెక్క గురించే ఈ ఉత్తరం.

నేను ఇంజినీర్ని కాను. 1982లో, పద్దెనిమిదో ఏట, అల్లిపురంలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాను. గళ్లలోంచి సీసపు అక్షరాలు ఏరి పేర్చడం పని. 1996లో డాబాగార్డెన్స్‌లో సొంతంగా చిన్న డీటీపీ షాపు, అంటే అచ్చుకి వెళ్లే పేజీలు కంప్యూటర్ మీద కూర్చే షాపు, పెట్టుకున్నాను. శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. అప్పటి 14 అంగుళాల డబ్బా మానిటర్ నుంచి ఇప్పటిదాకా రోజుకి తొమ్మిది పది గంటలు తెర ముందు కూర్చున్నవాణ్ణి. తెరల గురించి నాకు తెలిసిందంతా కళ్లు నొప్పెట్టించుకుని నేర్చుకున్నదే.

నెలగంట పెట్టిన నాటి నుంచి మా అమ్మ వాకిట్లో చుక్కల ముగ్గు వేసేది. 15 చుక్కలు, 8 వచ్చే వరకు, సందు చుక్క. వాకిలి చిన్నదైతే చుక్కలు దగ్గరగా పడి ముగ్గు నిండుగా కనబడేది. అవే చుక్కలు వీధంతా పరిచి వేస్తే ముగ్గు పెద్దదవుతుంది గానీ, గీత గీతకీ మధ్య ఖాళీ కనబడుతుంది. మానిటర్ రిజల్యూషన్ అంటే ఈ చుక్కల లెక్కే. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. మానిటర్ 21 అంగుళాలున్నర అయినా, 24 అయినా, 27 అయినా చుక్కలు అవే. 21.5 అంగుళాల తెర మీద అంగుళానికి 102 చుక్కలు పడతాయి. 24 మీద 92. మా మేనకోడలు కొన్న 27 మీద 82 కూడా లేవు. పక్కవీధి జిరాక్సు షాపాయన 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీని మానిటర్‌గా తగిలించాడు. దాని రిజల్యూషన్ 1366×768, అంటే అంగుళానికి 49 చుక్కలు. అక్షరాలు చూస్తే కొత్తగా ముగ్గు నేర్చుకునే పిల్ల చేసిన పనిలా ఉంటాయి.

ఇంగ్లీషు చదువుకునేవాళ్లకి ఇది అంతగా తెలియకపోవచ్చు. వాళ్ల అక్షరాలు బడిలో బెంచీ మీద పిల్లల్లా ఒక వరుసలో సర్దుకు కూర్చుంటాయి. మనవి అలా కాదు. పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు, దానికి తోడు ఇంకో వత్తు. 'రాష్ట్రం', 'లక్ష్మి', 'జ్యోత్స్న' రాసి చూడండి. విండోస్ మామూలు లెక్కలో 12 పాయింట్ల అక్షరానికి నిలువునా దక్కేవి 16 చుక్కలు. తలకట్టు, గుడి, వత్తులు అన్నీ ఆ పదహారు చుక్కల్లోనే కాపురం చేయాలి. 'ద'కీ 'ధ'కీ తేడా కింద ఒక్క చిన్న గీత. 'ప'కీ 'ఫ'కీ అంతే. 'థ'కి పొట్టలో చుక్క. తెర సరిగా లేకపోతే ముందు కనబడకుండా పోయేవి ఇవే. నాలుగేళ్ల కిందట మా షాపులో ఓ శుభలేఖ మీద 'వధువు' కాస్తా 'వదువు' అయింది. తెర మీద మూడుసార్లు చదివాను, కనబడలేదు. ప్రూఫు కాగితం మీద మా ఆవిడ పట్టుకుంది కాబట్టి పరువు దక్కింది. ఆమె డీటీపీ నేర్చుకోలేదు, నన్ను తిట్టడం మాత్రం బాగా వచ్చు.

ఇక తెర ఆకారం. దీని గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

అంగుళాలని షాపువాళ్లు చెప్పేది మూల నుంచి మూలకి కొలిచిన కొలత. మధురవాడలో స్థలం అమ్మేవాడు "ఈ మూల నుంచి ఆ మూలకి ఎనభై అడుగులు" అంటే మనం ఊరుకుంటామా? గజాలెన్నో చెప్పమంటాం, రోడ్డు వైపు ఎంతుందో అడుగుతాం. మానిటర్ దగ్గర మాత్రం నోరెత్తకుండా డబ్బు కట్టి వస్తాం. లెక్క వేసి చూడండి. పాత చదరపు తెరల్లో 5:4 కొలతది, అంటే అడ్డం అయిదు భాగాలుంటే నిలువు నాలుగు ఉండేది, 19 అంగుళాలకి వైశాల్యం 176 చదరపు అంగుళాలు. ఇప్పటి 16:9 వెడల్పు తెరలో అదే 19 అంగుళాలకి 154. అంగుళాలు అవే, స్థలం మాత్రం కబ్జా అయిపోయింది.

ఈ దెబ్బ నేను స్వయంగా తిన్నాను. 2005లో 19 అంగుళాల 5:4 మానిటర్ కొన్నాను, 1280×1024. దాని ఎత్తు 30 సెంటీమీటర్లు. ఏ4 కాగితం ఎత్తు 29.7. కాగితం తీసి తెరకి ఆనిస్తే అచ్చంగా సరిపోయేది. అయిదేళ్లకి అది పాడైతే ద్వారకానగర్ వెళ్లాను. అలాంటివి రావడం లేదన్నారు. వెడల్పుగా, నాజూగ్గా ఉన్న 18.5 అంగుళాలది చేతిలో పెట్టారు, 1366×768. ఇంటికొచ్చి చూసుకుంటే ఎత్తు 23 సెంటీమీటర్లు. నిలువున 1024 వరుసలు ఉండేచోట 768. కొత్త వస్తువు తెచ్చుకుని పాతదాని కంటే నాలుగో వంతు పోగొట్టుకున్నానన్నమాట. శుభలేఖ పైన గణపతిని చూస్తే కింద 'విందు' కనబడేది కాదు, విందు దగ్గరికి వెళితే గణపతి పైకి పోయేవాడు.

16:9 అనేది చదువుకోసం, రాతకోసం పుట్టిన ఆకారం కాదు, టీవీది. 2008-10 ప్రాంతంలో మానిటర్ల తయారీదారులంతా టీవీల దారి పట్టారు. రెండింటికీ ఒకే ఆకారమైతే పెద్ద గాజు పలకలోంచి ముక్కలు కోయడం వాళ్లకి కలిసొస్తుంది. వాళ్ల లాభం వాళ్లు చూసుకున్నారు, తప్పు పట్టను. మనం కొనేటప్పుడు మన పని ఏమిటో మనం చూసుకోవాలి కదా. ఇంతకన్నా పొడుగ్గా 21:9 తెరలు కూడా వస్తున్నాయి. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. పదేళ్ల వయసులో మా అన్నయ్య తీసుకెళితే, ఆ చివర నుంచి ఈ చివరకి తల తిప్పుతూ చూశాను. ఆ తెరని చిన్నది చేసి బల్ల మీద పెట్టినట్టు ఉంటాయివి. 34 అంగుళాలంటారు గానీ ఎత్తు మాత్రం 27 అంగుళాల మామూలు తెరంతే. ఆడిటర్ల ఎక్సెల్ పట్టీలకి, వీడియో ఎడిటింగ్ వాళ్లకి మంచిదే. నాకు దండగ.

నేనిప్పుడు వాడుతున్నది 24 అంగుళాలది, 16:10, అంటే 1920×1200. వెతికి వెతికి, చెప్పి తెప్పించుకున్నాను. 1080కీ 1200కీ 120 వరుసల తేడా ఏపాటిదని అడుగుతారు. ఏ4 పేజీని వంద శాతంలో చూపించడానికి కావలసినవి నిలువున 1123 చుక్కలు. 1080లో పట్టదు. 1200లో, మెనూలూ టాస్క్‌బారూ దాచేస్తే, పడుతుంది. దీని ఎత్తు 32 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 52. రెండు ఏ4 కాగితాలు పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అంగుళానికి 94 చుక్కలు. విండోస్ మామూలు లెక్క అంగుళానికి 96 చుక్కలు కాబట్టి తెర మీద కనబడే సైజూ కాగితం మీద పడే సైజూ ఇంచుమించు ఒకటే. కస్టమర్ "అక్షరం ఇంత చిన్నదా?" అంటే పాత కార్డు తీసి తెర పక్కన పెట్టి చూపిస్తాను. వాదన అక్కడితో సరి.

16:10 దొరకనివాళ్లకి ఇంకో దారుంది. తెరని నిలువుగా తిప్పేయడమే. స్టాండు తిరిగే రకమై ఉండాలి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పోర్ట్రెయిట్ (నిలువు) అని పెట్టుకోవాలి. 1080 అడ్డం, 1920 నిలువు. కరపత్రం, దరఖాస్తు, పుస్తకం పేజీ ఏదైనా తలా పాదం కలిపి కనబడుతుంది. ఐపీఎస్ ప్యానెల్, అంటే పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం తెర, అయితేనే తిప్పండి. చవక టీఎన్ ప్యానెల్ తిప్పితే ఒక కంటికి ఒక రంగు, రెండో కంటికి ఇంకో రంగు. మా షాపు కుర్రాడి సిస్టమ్‌కి అలాగే తిప్పి పెట్టాం. వచ్చినవాళ్లంతా ముందు "పడిపోయిందేటండీ?" అని అడుగుతారు.

ఆ కుర్రాడి మాట వచ్చింది కాబట్టి మా బొజ్జలేని గణపతి కథ చెప్పాలి. అప్పుడు వాడి దగ్గర ఉన్నది నేనింతకుముందు చెప్పిన 18.5 అంగుళాల తెర. విండోస్ చెడిపోతే మళ్లీ ఎక్కించి, తెర మీద బొమ్మని సరిగా చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేయడం మరిచిపోయాం. దాంతో అది 1024×768లో నిలబడిపోయింది. 4:3 బొమ్మని 16:9 తెర మీద సాగదీసి చూపిస్తోందన్నమాట, ప్రతిదీ అడ్డంగా మూడో వంతు ఎక్కువ. అక్షరాలు కాస్త బొద్దుగా ఉన్నా వాడు పట్టించుకోలేదు. గణపతి మాత్రం మరీ లావుగా కనబడ్డాడు. పాపం, దేవుడి బొమ్మ కదా అని శ్రద్ధగా ముప్పావు వంతుకి నొక్కాడు. తెర మీద చక్కగా కుదిరింది. ప్రూఫు తీయకుండా మూడు వందల కార్డులు వేసేశాం, ముహూర్తాల రోజులు. భీమిలి నుంచి వచ్చిన పెళ్లికూతురి తండ్రి కట్ట విప్పి, ఒక కార్డు తీసి, కళ్లజోడు సర్దుకుని చూశాడు. "ఏటండీ బాబూ, మా గణపతికి ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కార్డులన్నీ మా ఖర్చుతోనే మళ్లీ వేసిచ్చాం.

మాది చిన్న షాపు, నష్టం మాతోనే పోయింది. మొన్న ఒక కార్యాలయానికి మా అమ్మ పేరు సరిచేయించడానికి వెళ్లాను. కౌంటర్‌లో ఆయన మర్యాదగానే తెర నావైపు తిప్పి "చూసుకోండి, సరిగ్గా ఉందా?" అన్నాడు. వెడల్పు తెర మీద 1024×768. అక్షరాలన్నీ అడ్డంగా సాగి, అంచులు అలుక్కుపోయి ఉన్నాయి. రాధమ్మలో 'ధ' ఉందో 'ద' ఉందో, నలభై ఏళ్లు అక్షరాలు దిద్దినవాణ్ణి, చెప్పలేకపోయాను. ఎందుకలా పెట్టారని అడిగితే "పెద్దగా కనబడతాయని" అన్నాడు.

ఆయన్నీ అనడానికి లేదు. డబ్బా మానిటర్ల రోజుల్లో మేమంతా అదే చేసేవాళ్లం. ఆ తెరకి స్థిరమైన చుక్కలంటూ ఉండేవి కావు, రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరం పెద్దదయ్యేది, రూపం చెడేది కాదు. ఎల్‌సీడీ, ఎల్ఈడీ తెరలకి ఫ్యాక్టరీలోనే చుక్కలు పోసి పంపుతారు. 1366×768 అంటే అన్నే. దాన్ని 1024 అనుకోమంటే, ఒక్కో చుక్కనీ చుక్కా మూడో వంతుగా పరచాలి. మూడో వంతు చుక్క ఎక్కడుంటుంది? అందుకే పక్క చుక్కకి రంగు పులిమి సరిపెడుతుంది. అదే మనకి కనబడే మసక. అక్షరం పెద్దది కావాలంటే రిజల్యూషన్ ముట్టుకోకూడదు. తెర మీద రైట్ క్లిక్ చేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రికమెండెడ్ అని రాసి ఉన్న రిజల్యూషన్ పెట్టుకుని, దాని పైనుండే స్కేల్‌ని 125కో 150కో పెంచుకోవాలి. అర నిమిషం పని. ఆ కౌంటర్‌లో ఆయన అనుమతితో నేనే చేసి చూపించాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కున్నారు గానీ, పేరులో తప్పు అప్పుడే బయటపడింది, 'ధ' బదులు 'ద' పడి ఉంది.

ఫోర్‌కే గురించి కూడా ఓ మాట, పిల్లలంతా అదే అడుగుతున్నారు కాబట్టి. 27 అంగుళాల మీద ఫోర్‌కే, అంటే 3840×2160, అంగుళానికి 163 చుక్కలు. స్కేల్ 200 పెడితే అక్షరం మా మేనకోడలి తెర మీద ఉన్నంతే ఉంటుంది, కానీ ఒక చుక్క ఉన్నచోట నాలుగు. 16 చుక్కల కాపురం 32 చుక్కల మేడలోకి మారుతుంది. తెలుగు అచ్చులో చదివినట్టు ఉంటుంది, అబద్ధం చెప్పను, చూసినప్పుడు నాకు అసూయ పుట్టింది. అయితే డీటీపీవాళ్లు వాడే పాత సాఫ్ట్‌వేర్లకి ఈ స్కేల్ సంగతి తెలియదు. మెనూలు చీమల్లా అయినా అవుతాయి, మసకగానైనా వస్తాయి. పాత కంప్యూటర్‌లో మానిటర్ కేబుల్ తగిలించే సాకెట్ హెచ్‌డీఎంఐ 1.4 రకం అయితే ఫోర్‌కేని సెకనుకి 30 సార్లే చూపిస్తుంది, మౌసు బురదలో నడిచినట్టు ఉంటుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉండాలి. ఇవి చూసుకోకుండా తెర ఒక్కటే కొంటే, ఎడ్లు లేకుండా కొత్త బండి కొన్నట్టే. మధ్యస్థంగా 27 అంగుళాల్లో 2560×1440 ఉంది, షాపుల్లో టూకే అంటారు. అంగుళానికి 109 చుక్కలు. స్కేల్ ముట్టుకోనక్కర్లేదు, ఏ4 పేజీ మెనూలతో సహా పడుతుంది. కుర్ర కళ్లకి అదే మేలు. మా వయసువాళ్లకి అక్షరం కాస్త చిన్నదనిపిస్తుంది.

కొనబోయే ముందు పెన్ డ్రైవ్‌లో ఒక తెలుగు పేజీ వేసుకు వెళ్లండి. షాపులో వాళ్లు పెట్టే చిలకల వీడియో, సముద్రం వీడియో చూడకండి, సముద్రం మనకి ఆర్కే బీచ్‌లో ఉంది. మీ పేజీ తెరిపించి, చెయ్యి చాచినంత దూరంలో కూర్చుని, పొట్టి అక్షరాల్లో 'ధ', 'థ' వెతకండి. కనబడితే మానిటర్ మీది.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. పండగల ముందు మీ పత్రికలో మానిటర్ల ప్రకటనలు పేజీలకు పేజీలు వస్తాయి. 27 అని అరచేతంత అంకె వేస్తారు. రిజల్యూషన్ కింద మూల నువ్వుగింజంత అక్షరాల్లో ఉంటుంది, ఎత్తు అసలు ఉండదు. ప్రకటనలిచ్చేవాళ్లని మీరు శాసించలేరని నాకు తెలుసు, నేనూ కరపత్రాలు వేసి బతికేవాణ్ణే. మీ వ్యాసాల్లోనైనా అంగుళాల పక్కన మూడు సంగతులు వేయించండి: చుక్కలు అడ్డం ఎన్ని నిలువు ఎన్ని, తెర ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, దాని మీద తెలుగు ఎలా కనబడుతోంది. మూడోది రాయాలంటే రాసేవారు తెలుగు పేజీ తెరిచి చూడాలి. ఆ వ్యాసం రాసినవారు చూడలేదని నా అనుమానం.

మా మేనకోడలి మానిటర్‌ని షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. మొన్న వెళ్లేసరికి దాని బల్ల మీద స్నేహితురాలి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 21.5 అంగుళాలది ఉంది. పెద్దది గోడకి చేరింది. మా అక్క మంచం మీద పడుకుని, రెండు మీటర్ల దూరం నుంచి, అందులో సీరియల్ చూస్తోంది. అంత దూరం నుంచి చుక్కలు ఎవరికీ కనబడవు. "నీకెందుకురా, ఇది బాగానే ఉంది" అంది.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
డాబాగార్డెన్స్, విశాఖపట్నం.